స్తంభం మీద కప్పులకి ఇంత గిరాకీనా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన సంచికలో గ్రిడ్ మీద పెడుతున్న ఖర్చు గురించి రాస్తూ, మధ్యలో "ఇన్సులేటర్లకి కూడా గిరాకీ బాగా పెరుగుతోంది" అని ఒక్క లైను రాశాం, అంతే. ఉత్తరాలన్నీ ఆ ఒక్క లైను మీదే వచ్చాయి. షేర్ల వాళ్లు, ఉద్యోగాల వాళ్లు, పొలంలో టవర్ పడినవాళ్లు, అందరూ రాశారు. కొన్ని ఎంచి జవాబులిస్తున్నాం. మొన్న సంచిక చూడనివాళ్లకి ఒక్క మాట: ఇన్సులేటర్ అంటే స్తంభానికీ తీగకీ మధ్య ఉండే పింగాణీ కప్పో, గాజు డిస్కో, బూడిద రంగు రబ్బరు కడ్డీయో. తీగని పట్టుకుని ఉంటుంది, కరెంటుని మాత్రం స్తంభంలోకి దిగనివ్వదు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఒక రిపోర్ట్ తిరుగుతోందండి, ఇన్సులేటర్ల మార్కెట్ ఏటా ఫలానా శాతం పెరిగిపోతుందని. నాకు పెన్షన్ డబ్బు కొంచెం ఉంది. ఇన్సులేటర్ కంపెనీ షేర్లు కొనచ్చా? (రిటైర్డ్ టీచర్, నెల్లూరు)

మాస్టారూ, కొనండి, కొనద్దు అని ఈ కాలమ్‌లో చెప్పం. కానీ ఆ రిపోర్టుల్ని ఎలా చదవాలో చెప్తా. అలాంటివి ఒక నాలుగు పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఇప్పటి మార్కెట్ సైజు ఎంత అన్నదాంట్లోనే నాలుగూ నాలుగు మాటలు చెప్తాయి, ఇంక పదేళ్ల తర్వాతి లెక్క ఏం నమ్ముతాం. శాతాన్ని వదిలేసి కిలోమీటర్లు చూడండి, ఎందుకంటే లైను పడితేనే ఇన్సులేటర్ అమ్ముడవుతుంది, ఊరికే ఎవరూ కొని ఇంట్లో పెట్టుకోరు కదా.

కిలోమీటర్ల లెక్క కేంద్ర ప్రభుత్వమే ఇచ్చింది. 2024 అక్టోబర్‌లో విడుదలైన జాతీయ విద్యుత్ ప్రణాళికలో ట్రాన్స్‌మిషన్ భాగం ప్రకారం 2022 నుంచి 2032 లోపు సుమారు 1.91 లక్షల సర్క్యూట్ కిలోమీటర్ల (ఒకే టవర్ మీద రెండు సర్క్యూట్లు వెళ్తే కిలోమీటరుని రెండుగా లెక్కేస్తారు) లైన్లు కొత్తగా వేయాలి, మొత్తం ఖర్చు అంచనా 9.15 లక్షల కోట్లు. రాజస్థాన్, గుజరాత్, మన రాయలసీమ, ఇలా ఎండ, గాలి ఉన్నచోట కరెంటు తయారవుతోంది, వాడకం ఏమో వేరేచోట ఉంది, మధ్యలో లైను వేయక తప్పదు. 2024 మే చివర్లో దేశం పీక్ డిమాండ్ 250 గిగావాట్లు తాకింది, 2032 నాటికి 458 అవుతుందని ఆ ప్లాన్ లెక్క.

ఇప్పుడు దీన్ని డిస్కుల్లోకి మార్చి చూద్దాం, నాకు ఇలాంటి లెక్కలు సరదా. 400 కేవీ (కిలోవోల్టుల) డబుల్ సర్క్యూట్ లైను తీసుకోండి. టవర్‌కీ టవర్‌కీ మధ్య దాదాపు 400 మీటర్లు, అంటే కిలోమీటరుకి రెండున్నర టవర్లు. రెండు సర్క్యూట్లు, ఒక్కోదానికి మూడు ఫేజులు, అంటే ఒక్కో టవర్‌కి ఆరు స్ట్రింగులు (డిస్కుల దండలు), ఒక్కో స్ట్రింగులో 23 డిస్కులు అనుకుంటే టవర్‌కి 138, కిలోమీటరుకి 345. వంద కిలోమీటర్లకి ముప్పై నాలుగు వేల పైచిలుకు. ఇది సాదా లెక్కే, లైను మలుపు తిరిగేచోట టెన్షన్ టవర్లకి డబుల్ స్ట్రింగులు పెడతారు కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే పడతాయి. అందుకే గిరాకీ ఉంది అన్న మాట అబద్ధం కాదు.

కానీ ప్లాన్ వేరు, పడిన లైను వేరు. 2024-25లో 15,253 సర్క్యూట్ కిలోమీటర్లు వేద్దామని టార్గెట్ పెట్టుకుంటే పూర్తయింది 8,830 మాత్రమే. రైతులతో దారి గొడవలు, అటవీ అనుమతులు, రాజస్థాన్‌లో బట్టమేక పిట్ట ఉండే ప్రాంతాల్లో లైన్ల మీద కోర్టు కేసు, ఇవన్నీ కలిసి పని ఆగింది. టవర్ లేవకపోతే దానికి డిస్కు వేలాడదీసేదెక్కడ. కంపెనీ చేతిలో ఆర్డర్ ఉంటుంది, సరుకు గోడౌన్లో ఉంటుంది, బిల్లు మాత్రం కదలదు.

ఇంకో సంగతి, మీకు ముఖ్యమైంది. మన దేశంలో ఒక్క ఇన్సులేటర్లే చేసే లిస్టెడ్ కంపెనీలు చాలా తక్కువ. బీహెచ్ఈఎల్ ఇన్సులేటర్లు చేస్తుంది, దాని వ్యాపారంలో అది చిన్న ముక్క. ఆదిత్య బిర్లా ఇన్సులేటర్స్ ఉంది, అది గ్రాసిమ్ లోపల ఒక మూల. మన హైదరాబాద్ ఒలెక్ట్రా, ఒకప్పటి గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్, పాలిమర్ ఇన్సులేటర్లతో పేరు తెచ్చుకున్న కంపెనీయే, కానీ ఈరోజు దాని షేరు కొంటే మీరు కొనేది ప్రధానంగా ఎలక్ట్రిక్ బస్సుల కంపెనీని. మోడరన్ ఇన్సులేటర్స్ లాంటివి ఒకట్రెండు కాస్త దగ్గరగా వస్తాయి. కాబట్టి "మార్కెట్ పెరుగుతుంది" అన్నది నిజమైనా ఆ పెరుగుదల నేరుగా మీ డీమ్యాట్ అకౌంట్లోకి వచ్చే దారి చాలా ఇరుకు. పెన్షన్ డబ్బు అన్నారు కాబట్టి ఇంత చెప్పాను.

ప్రశ్న: మాది గాజువాక. తెల్లారుజామున మంచు పడుతున్నప్పుడు వీధి చివర స్తంభం మీద చుర్ చుర్ మని శబ్దం, నీలంగా మెరుపులు. పెద్ద వానలో ఏం కాదు, చిన్న తుప్పర పడితేనే కరెంటు పోతుంది. ఇదేం వింత? (గృహిణి, విశాఖపట్నం)

అమ్మా, మీరు సరిగ్గా పట్టుకున్నారు, చాలామంది ఇంజినీరింగ్ పిల్లలకి కూడా ఈ తేడా తెలీదు.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, మీ వైపు దానికి తోడు బొగ్గు ధూళి, ఫ్యాక్టరీల దుమ్ము. అదంతా ఎండాకాలం పొడుగునా ఇన్సులేటర్ మీద పొరలాగా పేరుకుంటుంది. ఎండిపోయి ఉన్నంతసేపూ ఏం చేయదు. మంచో, తుప్పరో పడి తడిసిందంటే ఆ ఉప్పు కరిగి కరెంటుకి దారి అవుతుంది, ఆ పైపొర మీద నుంచి కొంచెం కొంచెంగా కరెంటు పాకుతుంది, మీరు విన్న శబ్దం, చూసిన నీలం వెలుగు అదే. అది ముదిరితే ఒక్కసారి టప్ మని పైనుంచి కింద దాకా మంట లేస్తుంది, లైను ట్రిప్. పెద్ద వాన అయితే ఆ మురికిని కడిగేస్తుంది, అందుకే మీకు పెద్ద వాన మేలు, తుప్పర కీడు.

ఎండకి బాగా కాగిన పాత పింగాణీ మీద తొలకరి చినుకు పడి పగుళ్లు రావడం ఇంకో రకం. అది ఊళ్లల్లో 11 కేవీ పిన్ను ఇన్సులేటర్లకి ఎక్కువ. సన్నగా పగులుతుంది, కింద నుంచి చూస్తే కనపడదు, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించి పనికి అనుమతి) తీసుకుని ఒక్కో స్తంభం ఎక్కి వెతకాలి. "రెండు చినుకులకే కరెంటు తీసేశారు" అని వాళ్లని తిట్టేముందు ఇది కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

దీనికీ మార్కెట్‌కీ సంబంధం ఏంటంటారా, చాలా ఉంది. పైపొర మీద కరెంటు పాకాల్సిన దారి పొడుగుని క్రీపేజ్ అంటారు, ఇన్సులేటర్‌కి ఆ గొడుగుల్లాంటి మడతలు పెట్టేది ఆ దారి పొడుగు పెంచడానికే. బాగా కాలుష్యం ఉన్నచోట కిలోవోల్టుకి 31 మిల్లీమీటర్ల దారి ఉండాలని లెక్క. 400 కేవీ లైను గరిష్ఠంగా 420 దాకా వెళ్తుంది కాబట్టి 420 ఇంటూ 31, అంటే 13 మీటర్లు. మామూలు పింగాణీ డిస్కు ఒక్కోటి ఇచ్చేది సుమారు 300 మిల్లీమీటర్లు, మరి 13 మీటర్లు రావాలంటే 40 పైన డిస్కులు కావాలి, అంత దండ వేలాడదీయడానికి టవర్ క్రాస్ ఆర్మ్ కింద చోటు ఉండదు. లోతు మడతల ఫాగ్ డిస్కులు వాడచ్చు, లేదా సిలికాన్ రబ్బరు పాలిమర్. పాలిమర్‌లో అదే పొడుగులో ఎక్కువ క్రీపేజ్ పెట్టచ్చు, పైగా సిలికాన్ మీద నీళ్లు పొరలా పరుచుకోవు, తామరాకు మీద బొట్లలాగా విడివిడిగా నిలబడతాయి, దాంతో కరెంటుకి దారి తెగిపోతుంది.

ఉత్తరాదిలో ఇదే జరిగింది. ఢిల్లీ, హర్యానా, యూపీ వైపు చలికాలం పొగమంచుకి, పొగకి, ధూళికి లైన్లు వరసపెట్టి ట్రిప్ అయ్యేవి, గ్రిడ్ మొత్తం ఊగిన రోజులున్నాయి. పవర్‌గ్రిడ్ (కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ కంపెనీ) వాళ్లు ఆ బెల్టులో పింగాణీ దింపి పాలిమర్ ఎక్కించుకుంటూ వచ్చారు. కొత్త లైను ఒక్కటి పడకపోయినా పుట్టిన మార్కెట్ అది. మన వైపు కూడా తీరం వెంబడి, రామగుండం లాంటి థర్మల్ ప్లాంట్ల బూడిద దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ములో ఇదే కథ. రిపోర్టులు రాసేవాళ్లు కొత్త లైన్లే లెక్కపెడతారు, నన్నడిగితే ఈ మార్పిడి గిరాకీయే ఎక్కువ నమ్మకమైంది, దీనికి భూసేకరణ అక్కర్లేదు.

మీ వీధి సంగతి మాత్రం 1912కి ఫోన్ చేసి చెప్పండి, స్తంభం నంబరు దాని మీదే రాసి ఉంటుంది, అది కూడా చెప్తే వెతుక్కునే పని తప్పుతుంది.

ప్రశ్న: పింగాణీ, గాజు, పాలిమర్. మూడిట్లో ఏది బెస్ట్? ఒక్క ముక్కలో చెప్పండి. (ట్రిపుల్ ఈ స్టూడెంట్, కాకినాడ)

ఒక్క ముక్కలో చెప్పలేను తమ్ముడూ. పింగాణీ బాగా కాలిస్తే యాభై ఏళ్లు ఉంటుంది, కానీ బరువు, లోపల పంక్చర్ అయితే బయటికి తెలీదు. గాజు డిస్కు పాడైతే దానంతటదే ముక్కలై రాలిపోతుంది, కింద నుంచి చూసినా ఏది పోయిందో తెలిసిపోతుంది, పెట్రోలింగ్ చేసేవాడికి అదో వరం. పాలిమర్ తేలిక, కొండల్లోకి భుజాన మోసుకెళ్లచ్చు, కాలుష్యానికి ఆగుతుంది, రాయి విసిరితే పగలదు, కానీ వయసు మీద పడటం దానికి ఉంది, లోపలి కడ్డీ పాడవడం పైకి కనపడదు. ఫలానాదే బెస్ట్ అనేవాడు సాధారణంగా దాన్ని అమ్మేవాడై ఉంటాడు.

ప్రశ్న: జీడిమెట్లలో నాకు చిన్న రబ్బరు మోల్డింగ్ యూనిట్ ఉంది, బుష్‌లు, గ్యాస్కెట్లు చేస్తాం. 11 కేవీ పాలిమర్ ఇన్సులేటర్లలోకి దిగుదామని ఆలోచన. మార్కెట్ పెరుగుతోంది అంటున్నారు కదా. (చిన్న పరిశ్రమ యజమాని, హైదరాబాద్)

అన్నా, మీ ఉత్తరం చదివి కొంచెం భయమేసింది, అందుకే పొడుగ్గా రాస్తున్నా.

పని కష్టం కాదు అనిపిస్తుంది. ఫైబర్‌గ్లాస్ కడ్డీ తెచ్చుకోవాలి, దాని మీద సిలికాన్ మోల్డ్ చేయాలి, రెండు చివరలా ఇనప ఫిట్టింగులు క్రింప్ చేయాలి. మీ దగ్గర ప్రెస్ ఎలాగూ ఉంది. కానీ ఈ సరుకు ప్రాణమంతా ఆ చివర సీల్‌లో ఉంటుంది. ఫిట్టింగ్‌కీ రబ్బరుకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా నీళ్లు కడ్డీలోకి దిగుతాయి, ఆ తేమకి, అక్కడ పుట్టే యాసిడ్‌కి గాజు పోగులు తినేసి కడ్డీ ఓ రోజు పుల్లలాగా విరుగుతుంది. తీగ కింద పడుతుంది. అది గ్యాస్కెట్ లీకయినట్టు కాదు. అందుకే కడ్డీలో యాసిడ్‌కి ఆగే ఈసీఆర్ రకం గాజు వాడమంటారు, అది ఖరీదు ఎక్కువ, ఎవరైనా చవగ్గా కోట్ చేశారంటే ముందు అక్కడే కోత పెట్టి ఉంటారు. రెండో కోత సిలికాన్‌లో ఫిల్లర్ పెంచడం. కొత్తగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి, నాలుగు ఎండాకాలాలు పోయాక సుద్దలా తెల్లబడినదాన్ని చూస్తే తేడా తెలుస్తుంది.

తర్వాత టెస్టులు. టైప్ టెస్టు (డిజైన్ నిలుస్తుందని ల్యాబ్‌లో చేసే పరీక్ష) లేకుండా ఏ డిస్కమ్ (కరెంటు పంపిణీ కంపెనీ) మీ టెండర్ కవరు తెరవదు. అందులో ఒకటి ఉప్పు పొగ గదిలో వోల్టేజీ పెట్టి 1000 గంటలు ఉంచే పరీక్ష, అంటే నలభై రోజుల పైనే, చివర్లో రబ్బరు మీద కాలిన గీత పడిందా మళ్లీ మొదటికే. మనకున్న అదృష్టం ఏంటంటే సీపీఆర్ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) వాళ్ల అల్ట్రా హై వోల్టేజ్ లేబొరేటరీ హైదరాబాద్‌లోనే ఉప్పల్ వైపు ఉంది. దిగేముందు అక్కడికెళ్లి ఫీజులు, స్లాటు ఎప్పుడు దొరుకుతుంది, మీ డిజైన్‌కి ఏయే టెస్టులు కావాలి కనుక్కోండి, మెషిన్‌కి అడ్వాన్స్ ఇచ్చింది మాత్రం ఆ తర్వాతే అవ్వాలి.

ఇక అసలు విషయం మార్కెట్. మీరు దిగుదామంటున్నది 11 కేవీ. అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు, టెండర్ ఎల్-1కే, అంటే అందరికంటే తక్కువ రేటు కోట్ చేసినవాడికే వెళ్తుంది, రూపాయి తేడాతో ఆర్డర్ పోతుంది, డబ్బు ఎప్పుడొస్తుందో మీకు తెలిసే ఉంటుంది, డిస్కమ్‌లకి సరుకు వేసినవాళ్లని ఎవరినైనా అడగండి. పైగా కింది వోల్టేజీలో గిరాకీని తినేసేవి రెండున్నాయి. ఒకటి ఏబీ కేబుల్, అంటే తొడుగున్న తీగలన్నీ కలిపి పేనిన కట్ట. 2021లో డిస్కమ్‌ల కోసం కేంద్రం మొదలుపెట్టిన ఆర్‌డీఎస్ఎస్ స్కీమ్, మూడు లక్షల కోట్ల పైన, దాన్ని చూపించి "డిస్ట్రిబ్యూషన్‌లో ఇన్సులేటర్లకి పండగ" అని రాస్తారు, కానీ అందులో నష్టాలు తగ్గించే పనుల్లో పాత బేర్ తీగ తీసేసి ఏబీ కేబుల్ లాగడం పెద్ద భాగం. కేబుల్‌కి తొడుగు ఉంటుంది, క్లాంపుతో వేలాడదీస్తారు, కప్పూ లేదు డిస్కూ లేదు. రెండోది భూమిలో కేబుల్. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ స్తంభాలన్నీ పడుకోబెట్టాక ప్రపంచ బ్యాంకు సాయంతో అక్కడ అండర్‌గ్రౌండ్ కేబుల్ పని చేపట్టారు. అలా భూమిలోకి దిగిన ప్రతి వీధీ పిన్ను ఇన్సులేటర్‌కి శాశ్వతంగా పోయినట్టే. రైల్వే 25 కేవీ ఇన్సులేటర్లు అని ఎవరైనా ఆశ పెడితే, బ్రాడ్‌గేజ్ విద్యుదీకరణ దాదాపు అయిపోవచ్చింది, ఇకపై అక్కడ వచ్చేది ఎక్కువగా మార్పిడి ఆర్డర్లే.

డబ్బంతా పైన ఉంది, 400, 765 కేవీల్లో, హెచ్‌వీడీసీలో (హై వోల్టేజీ డైరెక్ట్ కరెంటు లైన్లలో). అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా వేమగిరికి వచ్చే 765 కేవీ లైను చూసే ఉంటారు, రాయ్‌గఢ్ నుంచి తమిళనాడు పుగలూరు దాకా వెళ్లే 800 కేవీ డీసీ లైను ఇంకోటి. డీసీలో తీగ ఎప్పుడూ ఒకే ధ్రువం మీద ఉంటుంది కాబట్టి దుమ్ముని ఎక్కువ లాక్కుంటుంది, ఇన్సులేటర్ ఇంకా గట్టిది కావాలి. కానీ ఆ తలుపు కొత్తవాళ్లకి తెరుచుకోదు, ఏళ్ల తరబడి లైన్లో నిలబడ్డ రికార్డు అడుగుతారు. అంటే పెరిగే మార్కెట్లోకి మీరు వెళ్లలేరు, వెళ్లగలిగే మార్కెట్ పెద్దగా పెరగట్లేదు.

నేనైతే సొంత బ్రాండ్ పెట్టుకోను. ఇప్పటికే టైప్ టెస్టు ఉన్న పెద్ద కంపెనీకి జాబ్ వర్క్ చేసి రెండేళ్లు సిలికాన్ మీద చెయ్యి తిప్పుకుంటా, లేదా బర్డ్ గార్డులు, జంపర్ తొడుగులు, బుషింగ్ కవర్లు లాంటి సిలికాన్ ఐటమ్స్ చూస్తా. సబ్‌స్టేషన్లలో పిల్లులు, ఉడతలు, కాకుల వల్ల అయ్యే ట్రిప్పింగులు తక్కువేం కాదు, ఆ తొడుగులకి పోటీ కూడా ఇంత లేదు.

ప్రశ్న: నేను లైన్‌మన్‌గా రిటైరయ్యాను. మా రోజుల్లో వేసిన ముదురు రంగు పింగాణీ డిస్కులు ఇప్పటికీ ఉన్నాయి, కొత్తగా వేసిన పాలిమర్లు కొన్ని నాలుగైదేళ్లకే మార్చారు. అభివృద్ధి అంటే ఇదేనా? (మహబూబ్‌నగర్)

పెద్దాయన, మీ కోపంలో న్యాయం ఉంది. చవక పాలిమర్ల సంగతి పైన జీడిమెట్ల అన్నకి రాశాను, అది మీరు కళ్లారా చూశారు. కానీ ఒకటి, ఈరోజు స్తంభం మీద కనపడే పాత డిస్కులు మిగిలినవి మాత్రమే, పోయినవి ఎప్పుడో మీ చేతులతోనే మార్చి ఉంటారు. మంచి పాలిమర్ ముప్పై ఏళ్లు ఉండేవీ ఉన్నాయి. తంటా ఏంటంటే పింగాణీ డిస్కుని మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి మంచిదో చెడ్డదో తేల్చేవాళ్లు, పాలిమర్ లోపల ఏం జరుగుతోందో లైను మీద ఉండగా పట్టుకోవడం అంత తేలిక కాదు, థర్మల్ కెమెరాలో వేడి కనపడేసరికి చాలాసార్లు ఆలస్యమే. ఎక్కువ క్రీపేజ్ అక్కర్లేని మీ వైపు లాంటి పొడి నేలల్లో పింగాణీ తీసేసి పాలిమర్ వేయడానికి నాకైతే గట్టి కారణం కనపడదు. చెప్పాలంటే పింగాణీకి కావాల్సిన ఫెల్స్‌పార్, క్వార్ట్జ్ మీ జిల్లా రాళ్లలోనే ఉన్నాయి.

ప్రశ్న: మా పొలంలో 400 కేవీ టవర్ పడుతోంది. కంపెనీ వాళ్లు చెట్లకీ పంటకీ ఇస్తాం అంటున్నారు, నేలకి ఏం రాదంటున్నారు. నిజమా? (రైతు, నంద్యాల జిల్లా)

నేలకి ఏం రాదన్నది పాత మాట. కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలు మార్చింది, టవర్ నాలుగు కాళ్ల కింద జాగాకి భూమి విలువలో 200 శాతం, తీగల కింద కారిడార్‌కి 30 శాతం అని చెప్పింది. 400 కేవీకి కారిడార్ మామూలుగా 46 మీటర్ల వెడల్పు. అయితే ఇది రాష్ట్రాలు ఒప్పుకుని అమలు చేయాల్సింది, కాబట్టి మీ లైనుకి ఏ జీవో వర్తిస్తుందో కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి, నోటిమాట మీద సంతకం పెట్టకండి. చెట్లకీ పంటకీ ఇచ్చేది వేరు, అది దీంట్లో కలిపి చెప్తే ఒప్పుకోవద్దు.

ప్రశ్న: మా ఇంటి ముందు లైను మార్చినప్పుడు పాత గాజు డిస్కు ఒకటి పొదలో పడి ఉంది, ఆకుపచ్చగా భలే ఉంది. ఇంట్లో షోకేస్‌లో పెట్టుకోవచ్చా? (పదో తరగతి విద్యార్థిని, తెనాలి)

బాగానే ఉంటుందమ్మా, విదేశాల్లో వీటిని సేకరించేవాళ్లకి సంఘాలే ఉన్నాయి. కానీ ఆ గాజు లోపల గట్టి బిగువులో ఉంటుంది, అంచు మీద చిన్న దెబ్బ తగిలినా ఒక్కసారిగా చిట్లి ముక్కలు ఎగురుతాయి, ముట్టుకోకు. పైగా అది డిపార్ట్‌మెంట్ సామాను, పాత ఇనుము లెక్కలో స్టోర్‌కి వాపసు రాసుకుంటారు. మీ ఏరియా లైన్‌మన్‌కి చెప్పు, వాళ్లు తీసుకెళ్తారు, ముందు ఫొటో మాత్రం తీసుకో.